విండోస్, లినక్స్, మ్యాక్ సర్వర్ల మధ్య ఫైళ్ల షేరింగ్: తరచుగా అడిగే ప్రశ్నలు

అకౌంట్స్ వాళ్లకి విండోస్ సర్వర్, డెవలపర్లకి రెండు మూడు లినక్స్ సర్వర్లు, డిజైన్ చేసేవాళ్ల దగ్గర ఒక మ్యాక్. చిన్న ఆఫీసులు చాలావరకు ఇలాగే ఉంటాయి. అందరికీ కావలసినవి మాత్రం అవే ఫైళ్లు. ఈ పేజీ ఆ యంత్రాలను చూసుకునేవాళ్ల కోసం. మౌంట్ అంటే ఏమిటో, ఐపీ అడ్రస్ అంటే ఏమిటో మీకు తెలుసనుకునే రాస్తున్నాను.

ఎస్‌ఎమ్‌బీ వాడాలా, ఎన్‌ఎఫ్‌ఎస్ వాడాలా?

రెండూ నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచే ప్రోటోకాల్‌లు, అంటే యంత్రాలు మాట్లాడుకునే పద్ధతులు. ఫైళ్లు తెరిచేది ఎవరో చూడండి. వాళ్లలో ఒక్క విండోస్ యంత్రం ఉన్నా ఎస్‌ఎమ్‌బీయే. అన్నీ లినక్సో యూనిక్సో అయితే ఎన్‌ఎఫ్‌ఎస్. మ్యాక్ రెండింటితోనూ సర్దుకుపోతుంది కానీ దానికి ఎస్‌ఎమ్‌బీ మీదే మక్కువ. 2013లో వచ్చిన మావెరిక్స్‌తో యాపిల్ తన సొంత ఫైల్ షేరింగ్ ప్రోటోకాల్ ఏఎఫ్‌పీని పక్కనపెట్టి ఎస్‌ఎమ్‌బీని మొదటి ఎంపిక చేసుకుంది.

"విండోస్‌లో కూడా ఎన్‌ఎఫ్‌ఎస్ క్లయింట్ ఉంది కదా" అంటారు. ఉంది. అది మూడో వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, నాలుగో వెర్షన్ దానికి రాదు. యూజర్‌ని లినక్స్ నంబర్లకు జతచేయకపోతే రిజిస్ట్రీలో అనానిమస్ యూఐడీ, జీఐడీ (యూజర్, గ్రూప్ నంబర్లు) విలువలు చేత్తో పెట్టుకోవాలి. ఒక ప్రయోగానికైతే సరే. ఇరవై మంది రోజూ వాడే ఫోల్డర్‌కి మాత్రం ఆ దారి పట్టకండి. విండోస్ సర్వర్‌లో ఉన్న ఫైళ్లు లినక్స్‌కి ఎన్‌ఎఫ్‌ఎస్ ద్వారానే కావాలంటే అది వేరే సంగతి. 2012 ఎడిషన్ నుంచి విండోస్ సర్వర్ ఎన్‌ఎఫ్‌ఎస్ 4.1 సర్వర్‌గా పనిచేయగలదు, బాగానే చేస్తుంది.

రెండూ ఫైళ్లు పంచేవే. ఇంత తేడా ఎక్కడి నుంచి వచ్చింది?

పుట్టిన చోటు నుంచే. ఎస్‌ఎమ్‌బీని 1983లో ఐబీఎమ్‌లో బారీ ఫైగెన్‌బామ్ పీసీల కోసం మొదలుపెట్టాడు. ఎన్‌ఎఫ్‌ఎస్‌ని 1984లో సన్ మైక్రోసిస్టమ్స్ తన యూనిక్స్ వర్క్‌స్టేషన్ల కోసం తయారుచేసింది.

ఎస్‌ఎమ్‌బీ మనిషిని అడుగుతుంది: నువ్వెవరు, పాస్‌వర్డ్ ఏది? మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్ యంత్రాన్ని నమ్ముతుంది. ఫలానా ఐపీ నుంచి వచ్చిన లినక్స్ "ఇది 1000 నంబరు యూజర్ అడుగుతున్న పని" అంటే సర్వర్ మారుమాట్లాడకుండా ఒప్పుకుంటుంది. సెటప్‌లో మీకు ఎదురయ్యే పేచీల్లో సగానికి పైగా ఇక్కడి నుంచే వస్తాయి. మిగతావి ఫైలు పేర్ల దగ్గర, తాళాల (ఫైల్ లాక్‌ల) దగ్గర వస్తాయి. కేబుల్, స్విచ్ తప్పు చేసే సందర్భాలు చాలా తక్కువ.

సాంబా అంటే ఎస్‌ఎమ్‌బీయేనా?

ఎస్‌ఎమ్‌బీ ఒక ప్రోటోకాల్. సాంబా అనేది లినక్స్, యూనిక్స్ యంత్రాల చేత ఆ ప్రోటోకాల్ మాట్లాడించే సాఫ్ట్‌వేర్. ఆస్ట్రేలియా రాజధాని క్యాన్‌బెరాలో విద్యార్థిగా ఉన్న ఆండ్రూ ట్రిడ్జెల్ 1991 చివర్లో దాన్ని మొదలుపెట్టాడు. నెట్‌వర్క్‌లో వెళ్లే ప్యాకెట్లను గమనించి, సర్వర్ ఏ ప్రశ్నకి ఏం జవాబిస్తోందో చూసి రాసుకుంటూ పోయాడు. తర్వాత ఎస్, ఎమ్, బీ అక్షరాలు వరుసగా వచ్చే మాట కోసం నిఘంటువు ఫైల్లో వెతికితే "సాంబా" దొరికింది.

మైక్రోసాఫ్ట్ ప్రోటోకాల్ వివరాలు మాత్రం తేలిగ్గా రాలేదు. మైక్రోసాఫ్ట్‌కి వ్యతిరేకంగా యూరోపియన్ కమిషన్ 2004లో ఇచ్చిన తీర్పు, దాన్ని సమర్థిస్తూ 2007లో వచ్చిన కోర్టు తీర్పు తర్వాతే, అదే ఏడాది డిసెంబరులో 10,000 యూరోలు కట్టి సాంబా బృందం కోసం ఆ పత్రాలు తెచ్చుకున్నారు. యాక్టివ్ డైరెక్టరీ డొమైన్ కంట్రోలర్‌గా (విండోస్ నెట్‌వర్క్‌లో యూజర్లను, లాగిన్‌లను చూసుకునే సర్వర్‌గా) పనిచేసే సాంబా 4.0 వచ్చింది 2012 డిసెంబరులో. కాబట్టి "ఉచితంగా వచ్చేది కదా, సీరియస్ పనికి ఆగుతుందా" అనే అనుమానం అక్కర్లేదు.

లినక్స్‌లో ఆ యూజర్ ఉన్నాడు, పాస్‌వర్డ్ కూడా కరెక్టే. విండోస్ నుంచి మాత్రం ఎందుకు ఒప్పుకోవడం లేదు?

సాంబాకి పాస్‌వర్డ్‌ల జాబితా వేరుగా ఉంటుంది. లినక్స్ దాచుకునే హ్యాష్ (పాస్‌వర్డ్‌ని వెనక్కి తిప్పలేని రూపంలోకి మార్చినది) ఒక రకం, విండోస్ అడిగే హ్యాష్ ఇంకో రకం, ఒకదాని నుంచి ఇంకొకటి రాబట్టలేం. అందుకే లినక్స్‌లో యూజర్‌ని సృష్టించాక ఎస్‌ఎమ్‌బీ పాస్‌వర్డ్ (smbpasswd) కమాండ్‌తో సాంబాలో విడిగా చేర్చాలి.

అది చేశాక కూడా రాకపోతే విండోస్ వైపు చూడండి. ఒకే సర్వర్‌కి ఒకేసారి రెండు వేర్వేరు పేర్లతో కనెక్ట్ అవడానికి విండోస్ ఒప్పుకోదు, 1219 అనే ఎర్రర్ ఇస్తుంది. పొద్దున ఇంకో పేరుతో మ్యాప్ చేసిన డ్రైవ్ ఎక్కడో మిగిలిపోయి ఉంటుంది. దాన్ని తీసేసి, క్రెడెన్షియల్ మేనేజర్‌లో పాత ఎంట్రీ చెరిపేసి మళ్లీ ప్రయత్నించండి.

లాగిన్ అవుతోంది, ఫైళ్లు కనిపిస్తున్నాయి. సేవ్ చేయబోతే "యాక్సెస్ డినైడ్" అంటోంది.

నాకు అన్నిటికంటే ఎక్కువసార్లు ఎదురైన ప్రశ్న ఇది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ వదిలినంత మాత్రాన ఫ్లాట్ తలుపు తెరుచుకోదు కదా. ఇక్కడ దాటాల్సినవి మూడు ఉన్నాయి, మూడూ ఒప్పుకోవాలి.

మొదటిది సాంబా కాన్ఫిగ్ ఫైల్లో ఆ షేర్ కింద ఉన్న సెట్టింగ్. "రీడ్ ఓన్లీ" అన్నది ఏమీ రాయకపోతే "యస్" అనే లెక్క. చాలామంది అక్కడే ఆగిపోతారు. ఫైలు మార్చిన ప్రతిసారీ, దాన్ని తనిఖీ చేసే టెస్ట్‌పార్మ్ కమాండ్ నడిపితే ఇలాంటివి, అక్షర దోషాలు కూడా, బయటపడతాయి.

రెండోది మామూలు లినక్స్ పర్మిషన్. షేర్‌లో రాయడానికి అనుమతి ఇచ్చినా ఫోల్డర్ రూట్ పేరు మీద 755తో ఉంటే రాయలేరు. పైనున్న ఫోల్డర్లు కూడా చూడండి. దారిలో ఏ ఒక్క ఫోల్డర్‌కి ఎగ్జిక్యూట్ పర్మిషన్ లేకపోయినా లోపలికి దారి లేదు.

మూడోది ఎస్‌ఈలినక్స్, అంటే మామూలు పర్మిషన్ల మీద కెర్నల్ వేసే అదనపు కాపలా. రెడ్‌హ్యాట్, రాకీ, ఆల్మా, ఫెడోరా వాడేవాళ్లకి ఇది తప్పదు. పర్మిషన్లన్నీ సరిగ్గా ఉన్నా, ఆ ఫోల్డర్‌కి సాంబా షేర్ అనే లేబుల్ లేకపోతే కెర్నల్ అడ్డుకుంటుంది. ఎస్‌ఈమేనేజ్‌తో లేబుల్ రాసి, రీస్టోర్‌కాన్‌తో అమలు చేయాలి. ఇంటర్నెట్‌లో ఎవరో చెప్పారని ఎస్‌ఈలినక్స్‌ని మొత్తం ఆపేయకండి. ఆడిట్ లాగ్ తెరిస్తే ఏది ఎందుకు ఆగిందో స్పష్టంగా రాసి ఉంటుంది.

ఇక అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే 777 సంగతి. అది పెడితే పని జరుగుతుంది, నిజమే. ఏ తలుపు మూసి ఉందో తెలుసుకునే అవకాశం కూడా దానితోనే పోతుంది.

ఒకరు పెట్టిన ఫైలు ఇంకొకరు మార్చలేకపోతున్నారు. ఎందుకు?

కొత్త ఫైలు పెట్టినవాళ్ల సొంత గ్రూప్ పేరు మీద పడుతోంది కాబట్టి. అందరినీ ఒక గ్రూప్‌లో చేర్చండి. ఫోల్డర్‌ని ఆ గ్రూప్‌కి ఇచ్చి, కొత్త ఫైళ్లకి ఫోల్డర్ గ్రూప్‌నే ఇచ్చే సెట్‌జీఐడీ బిట్ పెట్టండి, అంటే 2770. సాంబా షేర్‌లో క్రియేట్ మాస్క్ 0660, డైరెక్టరీ మాస్క్ 2770, ఫోర్స్ గ్రూప్ దగ్గర ఆ గ్రూప్ పేరు. పాత ఫైళ్లు వాటంతట అవి మారవు, వాటి గ్రూప్, పర్మిషన్లు ఒకసారి చేత్తో సరిచేయాలి.

ఎన్‌ఎఫ్‌ఎస్ మౌంట్‌లో ఫైళ్ల యజమాని "నోబడీ" అనో, సంబంధం లేని మనిషి అనో చూపిస్తోంది.

ఎన్‌ఎఫ్‌ఎస్‌కి మీ పేరుతో పని లేదు, నంబరుతోనే పని. ఒక సర్వర్‌లో 1001 అంటే లక్ష్మి, ఇంకో సర్వర్‌లో 1001 అంటే రవి అయితే లక్ష్మి ఫైళ్లన్నీ రవివి అయిపోతాయి. చదవగలడు, చెరపగలడు కూడా. రెండు సర్వర్ల దాకా నంబర్లు చేత్తో కలుపుకోవచ్చు. అంతకు మించితే యూజర్లందరినీ ఒకేచోట ఉంచే ఎల్‌డాప్, ఫ్రీఐపీఏ, యాక్టివ్ డైరెక్టరీలలో ఏదో ఒకటి పెట్టుకోక తప్పదు.

అంతా "నోబడీ" అయితే కారణాలు రెండు. నాలుగో వెర్షన్ వాడుతుంటే, యూజర్ పేర్లను నంబర్లతో జతచేసే ఐడీమ్యాప్ ఫైల్లో రెండు వైపులా డొమైన్ పేరు ఒకటే ఉందో లేదో చూడండి. ఫైలు రూట్‌గా రాసినదైతే అది రూట్ స్క్వాష్ చేసే పని. క్లయింట్ యంత్రంలో రూట్ అయినంత మాత్రాన సర్వర్‌లో రూట్ కాకూడదని అలా పెట్టారు. దాన్ని తీసేస్తే ఆ క్లయింట్‌లో రూట్ ఉన్న ఎవరైనా మీ సర్వర్‌లో సెట్‌యూఐడీ ప్రోగ్రామ్ (ఎవరు నడిపినా రూట్ అధికారంతో నడిచేది) ఉంచగలరు. బ్యాకప్ కోసమని తీయమంటారు. ఆ ఒక్క ఐపీకి, అదీ చదవడానికి మాత్రమే ఇవ్వండి.

ఇంకొక చిన్న గొయ్యి ఉంది. మామూలు ఎన్‌ఎఫ్‌ఎస్ ఒక యూజర్‌కి 16 గ్రూపులకు మించి మోసుకెళ్లదు. పదిహేడో గ్రూప్ వల్ల రావాల్సిన అనుమతి రాదు, ఎర్రర్‌లో ఆ కారణం కనిపించదు. సర్వర్‌లో మౌంట్‌డీకి మేనేజ్ జీఐడీస్ ఆప్షన్ ఇస్తే గ్రూపుల జాబితా సర్వరే చూసుకుంటుంది.

లినక్స్‌లో విండోస్ షేర్‌ని మౌంట్ చేస్తుంటే నంబర్లతో ఎర్రర్లు వస్తున్నాయి. వాటి అర్థమేమిటి?

13 అంటే పాస్‌వర్డ్, యూజర్ పేరు, డొమైన్‌లలో ఏదో తప్పు, లేదా ఆ షేర్‌కి అనుమతి లేదు. 115 అంటే సర్వర్ దాకా చేరనేలేదు. ఫైర్‌వాల్‌లో 445 పోర్టు చూడండి. 112 "హోస్ట్ ఈజ్ డౌన్" అంటుంది కానీ పింగ్ చేస్తే సర్వర్ శుభ్రంగా పలుకుతుంది. ప్రోటోకాల్ వెర్షన్ కుదరనప్పుడు ఆ మాట అంటుంది. 2017లో వచ్చిన 4.13 కెర్నల్ నుంచి లినక్స్ తనంతట తాను ఎస్‌ఎమ్‌బీ1 మాట్లాడదు. అవతల పాత నాస్ బాక్స్ (నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజ్ పెట్టె) ఉంటే అదే మాట్లాడుతుంది. ఎవరూ తగ్గరు.

బూట్‌లో ఆటోమేటిగ్గా మౌంట్ కావాలంటే ఎఫ్‌స్టాబ్‌లో పాస్‌వర్డ్ రాయకండి. అది అందరూ చదవగల ఫైలు. క్రెడెన్షియల్స్ ఫైలు వేరే పెట్టి దాని పర్మిషన్ 600 చేయండి. నెట్‌డెవ్, నోఫెయిల్ ఆప్షన్లు కూడా చేర్చండి. లేకపోతే ఏదో ఒక రాత్రి విండోస్ సర్వర్ ఆగి ఉన్న సమయానికి లినక్స్ రీబూట్ అయి, ఎమర్జెన్సీ మోడ్‌లో కూర్చుంటుంది.

పాత స్కానర్‌కి ఎస్‌ఎమ్‌బీ1 ఆన్ చేస్తేనే పని జరుగుతోంది. ఉంచేయవచ్చా?

వద్దు. 2017 మే 12న మొదలైన వాన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ సరిగ్గా ఆ సందులోంచే పాకింది. బ్రిటన్ ఆసుపత్రులతో పాటు ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ ప్యాచ్ మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లే దొరికిపోయారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 1709 నుంచి ఎస్‌ఎమ్‌బీ1 సర్వర్ మామూలుగా ఇన్‌స్టాల్ కాదు. సాంబా 2019లో 4.11తో దాన్ని మూసేసింది.

స్కానర్‌కి ఎఫ్‌టీపీ గానీ మెయిల్‌కి పంపే సదుపాయం గానీ ఉందేమో చూడండి, చాలావాటికి ఉంటుంది. ఏదీ లేకపోతే మిగతా నెట్‌వర్క్‌తో సంబంధం లేని ఒక చిన్న లినక్స్ పెట్టె పెట్టి, స్కానర్ దానికి మాత్రమే రాసేలా చేయండి. అక్కడి నుంచి ఫైళ్లను ఆర్‌సింక్ అనే కాపీ టూల్ లాక్కుంటుంది.

విండోస్ 11 అప్‌డేట్ అయ్యాక, పాస్‌వర్డ్ లేని షేర్ తెరుచుకోవడం మానేసింది.

24హెచ్2 వచ్చి ఉంటుంది. ప్రో ఎడిషన్‌లో కూడా గెస్ట్ లాగిన్‌ని అది మూసేసింది, ఎస్‌ఎమ్‌బీ సైనింగ్ (ప్రతి సందేశం మీదా సంతకం) తప్పనిసరి చేసింది. గెస్ట్ కనెక్షన్‌కి సైనింగ్ ఎలాగూ కుదరదు. పాలసీ మార్చి పాత పద్ధతికి తిప్పడం ఎలాగో చెప్పే వీడియోలు బోలెడు ఉన్నాయి. దానికి పట్టే సమయంలో సాంబాలో ఒక యూజర్‌ని సృష్టించవచ్చు.

ఫైళ్లకి తెలుగులో పేర్లు పెడితే ఇబ్బందా?

పెట్టవచ్చు, నేనూ పెడతాను. అయితే కొన్ని సంగతులు తెలిసుండాలి.

లినక్స్‌లో ఎక్కువగా వాడే ఈఎక్స్‌టీ4 ఫైలు పేరుకి 255 బైట్లు ఇస్తుంది. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్ 255 యూనిట్లు ఇస్తుంది, తెలుగు సంకేతం ఒక్కొక్కటి అందులో ఒక యూనిట్. లినక్స్ వాడే యూటీఎఫ్-8లో మాత్రం ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పోతాయి. అంటే గరిష్ఠంగా 85. పైగా గుడింతం, పొల్లు, సున్న ఒక్కొక్కటీ విడి సంకేతమే. "ఆంధ్రప్రదేశ్" అన్న ఒక్క మాటే 12 సంకేతాలు, 36 బైట్లు. విండోస్‌లో చక్కగా ఉన్న "ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉత్తర్వు" అని మొదలై 255 బైట్లు దాటే పొడవాటి పేరు సాంబా షేర్‌లోకి కాపీ చేస్తే ఎర్రర్ రావడం వెనుక కారణం ఇదే. పేరు తగ్గించడం తప్ప మార్గం లేదు.

మ్యాక్‌తో ఇంకో తమాషా ఉంది. యూనికోడ్‌లో ఐత్వాన్ని రెండు రకాలుగా రాయవచ్చు: ఒకే సంకేతంగా, లేదా ఎత్వం పక్కన ఐత్వపు కింది గుర్తు చేర్చి రెండు సంకేతాలుగా. పాత మ్యాక్‌ల హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ఫైలు పేర్లను విడగొట్టి రెండుగా దాస్తుంది. విండోస్‌లో టైప్ చేస్తే ఒకటిగా వస్తుంది. లినక్స్ బైట్లే చూస్తుంది కాబట్టి అలాంటి డిస్క్ నుంచి ఆర్‌సింక్‌తో తెచ్చిన ఫోల్డర్ పక్కనే ఇంకో ఫోల్డర్, రెండింటి పేరూ "హైదరాబాద్", కంటికి వెంట్రుకవాసి తేడా కనిపించదు. ఆర్‌సింక్‌కి ఐకాన్వ్ ఆప్షన్ ఇచ్చి, వచ్చేటప్పుడే పేర్లను కలిపిన రూపంలోకి మార్చుకోండి. మ్యాక్ వాళ్లు సాంబాకే కనెక్ట్ అవుతుంటే ఫ్రూట్ మాడ్యూల్ పెట్టండి. ఫోల్డర్ నిండా చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిల్లర ఫైళ్ల బెడద కూడా తగ్గుతుంది.

భాషతో నిమిత్తం లేని తగాదా ఒకటుంది. లినక్స్ పేరులో స్లాష్ తప్ప దాదాపు ఏదైనా ఒప్పుకుంటుంది. విండోస్‌కి కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రం, కోట్స్ లాంటివి పనికిరావు. రాత్రి 10:30 అని పేరులో రాసే బ్యాకప్ స్క్రిప్టు ఉంటే ఆ ఫైలు విండోస్‌కి అర్థంపర్థం లేని పొట్టి పేరుతో కనిపిస్తుంది. స్క్రిప్టులో కోలన్ బదులు గీత పెట్టడం అన్నిటికంటే సులభం, అది చేతిలో లేకపోతే కాటియా మాడ్యూల్ ఆ అక్షరాలను మార్చి చూపిస్తుంది. పెద్ద, చిన్న ఇంగ్లిష్ అక్షరాల తేడా కూడా లినక్స్‌కే పట్టింపు.

ఒకే ఫోల్డర్‌ని సాంబాతోనూ ఎన్‌ఎఫ్‌ఎస్‌తోనూ ఇవ్వవచ్చా?

ఇవ్వవచ్చు, కానీ నేనైతే ఇవ్వను. విండోస్‌లో ఫైలు తెరిస్తే పడే తాళం నిజమైన తాళం, ఇంకొకరిని రానివ్వదు. యూనిక్స్ తాళం మర్యాద మీద నడుస్తుంది, అడిగి చూసుకునే ప్రోగ్రామ్‌కే వర్తిస్తుంది. దానికి తోడు ఆప్‌లాక్ అని ఒకటి. "ఈ ఫైలు ఇప్పుడు నువ్వొక్కడివే వాడుతున్నావు" అని సర్వర్ చెబితే విండోస్ మార్పులను తన దగ్గరే దాచుకుని తీరిగ్గా పంపుతుంది. అదే సమయంలో ఎన్‌ఎఫ్‌ఎస్ వైపు నుంచి ఇంకొకరు రాస్తే సాంబాకి ఆ కబురు అందకపోవచ్చు, ఎవరో ఒకరి పని గాలికి పోతుంది.

తప్పనిసరైతే ఒక వైపు రాయనిచ్చి రెండో వైపు చదవడానికి మాత్రమే ఇవ్వండి. రెండు వైపులా రాయాల్సి వస్తే ఆ షేర్‌లో ఆప్‌లాక్‌లు ఆపేయండి, వేగం కొంత తగ్గుతుంది. అంతకంటే తేలిక, లినక్స్ యంత్రాలు కూడా ఆ ఫోల్డర్‌ని ఎస్‌ఎమ్‌బీతోనే మౌంట్ చేసుకోవడం.

డేటాబేస్ ఫైలుని షేర్‌లో పెట్టి అందరూ తెరవవచ్చా?

ఎస్‌క్యూలైట్ ఫైలైతే వద్దు. నెట్‌వర్క్ తాళాలను నమ్ముకోవద్దని దాన్ని తయారుచేసినవాళ్లే చెబుతారు. యాక్సెస్, ఫాక్స్‌ప్రో కాలంనాటి అప్లికేషన్లు వదల్లేకపోతే ఆ రకం ఫైళ్లకి వీటో ఆప్‌లాక్ ఫైల్స్ సెట్టింగ్ పెట్టి, రోజూ బ్యాకప్ తీయండి.

పెద్ద ఫైలు నిమిషంలో వెళుతుంది. చిన్న ఫైళ్ల ఫోల్డర్‌కి మాత్రం గంట పడుతోంది. ఎందుకు?

గిగాబిట్ లైన్ మీద పెద్ద ఫైలు సెకనుకి 110 మెగాబైట్ల దాకా పోతుంది. చిన్న ఫైలు ఒక్కొక్కదానికీ తెరవడం, రాయడం, లక్షణాలు మార్చడం, మూయడం అని సర్వర్‌తో పలుమార్లు మాటలు నడుస్తాయి, మధ్యలో యాంటీవైరస్ కూడా వేలు పెడుతుంది. ఒక్క జిప్‌గానో టార్‌గానో చేసి పంపి అక్కడ విప్పండి. సాంబాలో ఒకే ఫోల్డర్‌లో లక్ష ఫైళ్లుంటే ఇంకో భారం ఉంటుంది. పేరులోని అక్షరాల తేడా పట్టించుకోకుండా వెతకడానికి అది జాబితా మొత్తం తిరగేయాల్సి వస్తుంది. నెలవారీ ఫోల్డర్లుగా విడగొట్టండి.

ఎన్‌ఎఫ్‌ఎస్ సర్వర్ ఆగిపోతే క్లయింట్ మొత్తం బిగుసుకుపోతోంది. సాఫ్ట్ మౌంట్ చేయనా?

చదవడానికి మాత్రమే ఉన్న ఫోల్డర్‌కి చేయండి. రాసే ఫోల్డర్‌కి హార్డ్ మౌంటే మంచిది. సాఫ్ట్‌లో గడువు దాటగానే ప్రోగ్రామ్‌కి ఎర్రర్ వెళుతుంది, చాలా ప్రోగ్రాములు ఆ ఎర్రర్‌ని పట్టించుకోవు, సగం రాసిన ఫైలు మిగులుతుంది. బిగుసుకుపోవడం చిరాకే అయినా సర్వర్ లేవగానే పని ఆగిన చోటు నుంచి సాగుతుంది.

ఆఫీసు షేర్‌ని బయటి నుంచి తెరవాలంటే?

రౌటర్‌లో 445 తెరవకండి. ఎంత పాస్‌వర్డ్ ఉన్నా సరే. వైర్‌గార్డ్ లాంటి వీపీఎన్ పెట్టి దాని లోపలి నుంచి రండి. ఎన్‌ఎఫ్‌ఎస్‌కి ఇది ఇంకా ముఖ్యం. కెర్బరోస్ (లాగిన్‌ని ధ్రువీకరించే వ్యవస్థ)లో ఎన్‌క్రిప్ట్ చేసే krb5p పద్ధతి లాంటిది పెట్టుకుంటే తప్ప దాని మాటలన్నీ దారిలో ఎవరైనా చదవగలరు. ఎస్‌ఎమ్‌బీ 3.0 నుంచి ఎన్‌క్రిప్షన్ ప్రోటోకాల్‌లోనే ఉంది, సాంబాలో ఒక్క లైనుతో తప్పనిసరి చేయవచ్చు. కెర్బరోస్ పెడితే సర్వర్ల గడియారాలు కలిసి ఉండేలా చూసుకోండి, 5 నిమిషాలు దాటితే లాగిన్ నిరాకరిస్తుంది.

దూరం సంగతి వేరు. హైదరాబాద్‌లో సర్వర్, డల్లాస్‌లో మనిషి అయితే ఒక్కో మాటకి 200 మిల్లీసెకన్లకు పైనే పడుతుంది. పైన చెప్పిన చిన్న ఫైళ్ల కష్టం అక్కడ వందల రెట్లవుతుంది. ఎక్స్‌ప్లోరర్ తెల్లబోయి చూస్తుంటే వీపీఎన్‌ని తిట్టి లాభం లేదు. అలాంటి చోట మౌంట్ బదులు ఎస్‌ఎఫ్‌టీపీ, ఆర్‌సింక్, సింక్‌థింగ్‌లలో ఏదో ఒకదానితో ఫైలు మొత్తం తెచ్చుకుని పనిచేయడమే దారి. విండోస్ 10 1809, సర్వర్ 2019 నుంచి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ విండోస్‌లోనూ దొరుకుతుంది.

షేర్‌లో చెరిపేసిన ఫైలు రీసైకిల్ బిన్‌లో లేదు. ఎక్కడికి పోయింది?

పోయింది, అంతే. విండోస్ రీసైకిల్ బిన్ తన సొంత డిస్క్‌కే, నెట్‌వర్క్ డ్రైవ్‌కి కాదు. బ్యాకప్ ఉంటే అందులోంచి తీసుకోండి. మళ్లీ ఇలా కాకుండా సాంబాలో రీసైకిల్ మాడ్యూల్ పెడితే చెరిపిన ఫైళ్లు ఒక దాచిన ఫోల్డర్‌లోకి వెళతాయి. దాన్ని ఖాళీ చేసే క్రాన్ పని మీరే పెట్టుకోవాలి, లేకపోతే డిస్క్ నిండిపోతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ వాడుతుంటే గంటకొక స్నాప్‌షాట్ తీసి షాడో కాపీ2 మాడ్యూల్‌ని కలపండి. అప్పుడు విండోస్‌లో ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి "ప్రీవియస్ వెర్షన్స్" తెరిస్తే నిన్నటి ఫైలు కనిపిస్తుంది, మిమ్మల్ని పిలవకుండా వాళ్లే తీసుకుంటారు.